అరకు ఘాట్ రోడ్డు ప్రయాణం: ఎక్కడ చిక్కుబడుతుంది, ఎందుకు, ఎలా సరిచేసుకోవాలి

విజయనగరం నుంచి శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఆ అంకె చూసి రెండున్నర గంటల్లో చేరిపోతామని లెక్క వేసుకున్నవారు, కార్తీక మాసం మొదలుకొని సంక్రాంతి దాకా వచ్చే ఆదివారాల్లో, మధ్యాహ్న భోజనం వేళకు ఇంకా అనంతగిరి మలుపుల్లోనే ఉంటారు. ఈ దారిలో ఎదురయ్యే ఇబ్బందులను ఒక్కొక్కటిగా తీసుకొని మూలం వెతుకుతూ పోతే, వాటిలో ఎక్కువ భాగం కొండ మీద పుట్టినవి కావనీ, ఇంటి దగ్గర బయలుదేరే వేళ నిర్ణయించుకున్నప్పుడే మొదలైనవనీ తెలుస్తుంది.

కొండ ఎక్కేసరికే సగం రోజు గడిచిపోతోంది

ఉదయం ఏడు గంటలకు విజయనగరంలో టిఫిన్ ముగించుకొని బయలుదేరిన కారు ఎనిమిదింటికి ఎస్.కోట చేరుతుంది. విశాఖపట్నంలో ఆరున్నర ప్రాంతంలో బయలుదేరిన వాహనాలు కూడా సరిగ్గా అదే సమయానికి అక్కడికి వస్తాయి. రెండు వైపుల నుంచి వచ్చిన రద్దీ బౌడారా దాటాక ఒకే రోడ్డు మీద కలిసి కాశీపట్నం నుంచి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. రోడ్డు ఇరుకు అన్నది సగం కారణమే. మిగతా సగం ఆగే తీరులో ఉంది. త్యాడ దగ్గర బొంగు చికెన్ కోసం, డముకు వ్యూ పాయింట్ దగ్గర ఫొటోల కోసం, సుంకరమెట్ట కాఫీ తోటల దగ్గర నీడ కోసం కార్లను రోడ్డు అంచునే నిలిపివేస్తారు. అలా నిలిపిన రెండు కార్ల పక్కగా ఎదురెదురుగా రెండు బస్సులు వస్తే, వాటి వెనుక అర కిలోమీటరు మేర వాహనాలు నిలిచిపోవడానికి పది నిమిషాలు చాలు. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూలు విరబూసినప్పుడు లోయలో కూడా ఇదే జరుగుతుంది.

దీనికి పరిష్కారం తిరుగు ప్రయాణం వేళను ముందుగా ఖాయం చేసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావడం. డిసెంబరులో మన ప్రాంతంలో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. కొండల మధ్య వెలుగు అంతకంటే ముందే తగ్గిపోతుంది. కాబట్టి నాలుగున్నర, ఐదు గంటల మధ్య ఎస్.కోటకు దిగి ఉండాలని పెట్టుకుంటే, బొర్రా గుహల నుంచి మూడు గంటలకే బయలుదేరాలి. గుహలు, భోజనం కలిపి రెండు గంటలు తీసేస్తే ఒంటి గంటకు బొర్రాలో ఉండాలి. అంటే పన్నెండు లోపు అరకు వదలాలి. అరకులో మూడు నాలుగు గంటలైనా గడపాలనుకుంటే ఎనిమిదిన్నరకల్లా అక్కడికి చేరాలి కనుక విజయనగరంలో నాలుగున్నరకు బండి కదలాలి. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో ఇది కష్టమని నాకు తెలుసు. అటువంటివారు ముందు రోజు సాయంత్రమే ఎస్.కోటకు వచ్చి బస చేయడం మేలు. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి మరో 70 కిలోమీటర్లు అదనం కనుక, ఒక్క రోజులో వెళ్లి రావాలన్న ఆలోచననే మానుకోవాలని నా అభిప్రాయం.

ఈ లెక్కలో అరకు ముందు, బొర్రా తరువాత వచ్చాయి. చాలామంది దారిలోనే ఉంది కదా అని బొర్రా వైపు ముందు మళ్లుతారు. విశాఖపట్నం నుంచి బొర్రా, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలులో వచ్చేవారిలో కొందరు కూడా ఉదయం పూటే అక్కడ దిగుతారు. ఎక్కేటప్పుడు బొర్రాను వదిలేసి దిగేటప్పుడు చూసుకుంటే, ఉదయపు జనం అప్పటికి అరకు చేరిపోయి ఉంటారు.

ఇరుకు చోట ఎదురుగా వాహనం వచ్చినప్పుడు కొండ ఎక్కుతున్న బండికే ముందు దారి ఇవ్వాలన్నది రోడ్డు నిబంధన. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం దిగేవాడు ఒక నిమిషం ఆగడం కంటే చాలా కష్టం. దీన్ని పాటించక ఇద్దరూ ముక్కు ముక్కు ఆనించి నిలబడటం వల్ల అయ్యే ఆలస్యం ప్రతి ఆదివారం కనిపించేదే.

వ్యూ పాయింట్ చేరినా తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించలేదు

ఈ ఫిర్యాదుకు కాలాన్ని బట్టి రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, బరువైన చల్లగాలి లోయలోకి జారి, అందులోని తేమ మంచుగా మారి అడుగున పేరుకుంటుంది. అప్పుడు లోయలో ఉన్నవారికి పది గజాల దూరం కూడా కనిపించదు. గాలికొండ వంటి ఎత్తైన చోట నిలబడినవారికి మాత్రం అదే మంచు పాలసముద్రంలా కింద పరుచుకుని కనిపిస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ, సాధారణంగా ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలకు, అది విచ్చిపోతుంది. కాబట్టి మంచు చూడాలనుకుంటే తెల్లవారేసరికి ఎత్తు మీద ఉండాలి, లోయ చూడాలనుకుంటే తొమ్మిది దాకా ఓపిక పట్టాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కనిపించే తెర వేరు. వానాకాలపు మేఘమే కొండకు తగులుకొని నిలబడుతుంది కనుక అది ఎండతో విడిపోతుందని ఎదురుచూసి ప్రయోజనం లేదు. ఆ నెలల్లో జలపాతాల కోసం వెళ్లాలి కాని దూరపు దృశ్యాల కోసం కాదు.

మంచులో బండి నడుపుతున్నప్పుడు దారి సరిగా కనిపించడం లేదని హెడ్‌లైట్లను హై బీమ్‌లో పెట్టడం సర్వసాధారణమైన పొరపాటు. ఆ వెలుగు నీటి తుంపరల మీద పడి తిరిగి కంట్లోనే కొడుతుంది. లో బీమ్ కిందికి పడుతుంది కనుక రోడ్డు అంచు కనిపిస్తుంది. అద్దం లోపలి వైపు ఆవిరి పడితే గుడ్డతో తుడవడం కంటే ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి మళ్లించడం మంచిది, ఎందుకంటే ఆవిరి మన ఊపిరి నుంచి వచ్చిన తేమ, దాన్ని ఏసీ పీల్చేస్తుంది.

దిగేటప్పుడు కాలిన వాసన వస్తోంది, బ్రేకు పెడల్ మెత్తబడుతోంది

ఈ వ్యాసంలో తప్పనిసరిగా చదవవలసిన భాగం ఇదే. మైదానంలో పదేళ్లుగా కారు నడిపినవారు కూడా కొండ దిగేటప్పుడు చేసే పని ఒకటుంది: నాలుగో గేరులో వస్తూ, ఆపకుండా బ్రేకు మీద కాలు ఉంచడం. బండి వేగాన్ని తగ్గించడమంటే ఆ శక్తిని వేడిగా మార్చడమే. గంటకు పైగా సాగే దిగుడులో ఆ వేడి ప్యాడ్లకూ డిస్కులకూ ఎక్కి, మొదట కాలిన వాసన వస్తుంది, తరువాత ఎంత తొక్కినా బండి తేలిగ్గా ఆగదు. ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, అందువల్ల పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోతుంది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన తరువాత అదే ఆయిల్‌కు ఉండవలసిన కనీస పరిమితి 155 డిగ్రీలే. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగడం మంచిది కాదు.

వాసన వచ్చిన వెంటనే విశాలంగా ఉన్న చోటు చూసి, మలుపుకు దూరంగా పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంట చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం చల్లకూడదు; కాలిన డిస్కు ఒక్కసారిగా చల్లబడితే వంకర పోవచ్చు, పగలవచ్చు. తరువాత రెండో గేరులో దిగాలి. ఏ గేరులో కొండ ఎక్కామో అదే గేరులో దిగాలన్న డ్రైవర్ల పాత లెక్క నేటికీ సరైనదే. ఆటోమేటిక్ కార్లలో ఎల్ (లో గేరు) లేదా మాన్యువల్ స్థానం ఉన్నది ఇందుకే. బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గగానే వదలాలి.

పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లతో అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. నిజానికి నేటి కార్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు ఇంధనం దాదాపు ఆగిపోతుంది కనుక ఆ ఆదా కూడా లేదు.

ఈ భాగానికి కూడా గడియారంతో సంబంధం ఉంది. ఒక నవంబరు ఆదివారం మేము ఐదున్నరకు అరకు వదిలి, చీకట్లో, అడుగు కదలని వరుసలో, ముందున్న బండి ఆగినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ అనంతగిరి దిగాం. త్యాడ చేరేసరికి కారంతా కాలిన వాసనే. బండిలో లోపం ఏమీ లేదని మరుసటి రోజు మెకానిక్ చెప్పాడు.

ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతోంది

నెమ్మదిగా కదిలే వరుసలో ఏసీ వేసుకొని మొదటి గేరులో ఎక్కడం, కూలెంట్ తక్కువగా ఉండటం కారణాలు. సూది పైకి లేవగానే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తెరిచి, చోటు దొరకగానే నిలపాలి. రేడియేటరు మూతను వేడి మీద తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు మూత కదలగానే ఎగజిమ్మి చేతినీ ముఖాన్నీ కాలుస్తుంది.

వాంతులు

చెవి లోపలి భాగం మలుపులను గుర్తిస్తూ ఉండగా కళ్లు ఫోనునో ముందు సీటునో చూస్తూ ఉంటే కడుపు తిప్పుతుంది. ఫోను తీసేసి దూరంగా రోడ్డును చూడమనాలి, అద్దం కొంచెం దించాలి. కొండ ఎక్కే ముందు పూరీల కంటే రెండు ఇడ్లీలు నయం.

ఫోను పనిచేయడం లేదు, డబ్బు చెల్లించలేకపోతున్నాం

కొండల చాటున సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి మ్యాపును ఇంట్లోనే దింపుకొని, చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి. పెట్రోలు ఎస్.కోటలోనే నింపుకోవాలి.

వాన కారణంగా ఘాట్ మూసివేశారు

తుపాను, వాయుగుండం వేళల్లో కొండచరియలు జారే ప్రమాదం ఉన్నప్పుడు అధికారులు రాకపోకలు నిలిపివేస్తారు, ముఖ్యంగా రాత్రి పూట. పక్కదారులు వెతకడం, కాపలా లేని వేళ చూసి వెళ్లడం చేయకూడదు. తడిసిన వాలు మీద మొదటి రాయి ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. వాన హెచ్చరిక లేకుండా కేవలం రద్దీ భయమే అయితే కిరండూల్ రైలు ఉంది. అద్దాల పెట్టెకు ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. మూసివేత ఎస్.కోట చేరాక తెలిసినట్లయితే, వాన తెరిపి ఇచ్చిన పక్షంలో, వెనక్కి వస్తూ గంట్యాడ మండలంలోని తాటిపూడి జలాశయం దగ్గర ఆగి, తెచ్చుకున్న పులిహోర అక్కడ తిని, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.