మనసు బాధ గురించి వీధి గోడ మీద బొమ్మ ఎలా వేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వీధుల్లో ఎన్నికల రాతలకూ ట్యూషన్ ప్రకటనలకూ గోడలు దొరుకుతూనే ఉంటాయి. అలాంటి గోడ ఒకటి మనసు బాగోలేని వాళ్ల కోసం అడగండి. కుళాయి దగ్గరో, రేషన్ షాపు ఎదురుగానో జనం కాసేపు ఆగే చోటు మేలు. గోడ ఎవరిదైతే వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి.

రంగు కొనే ముందు వీధివాళ్లతో కూర్చోండి. అసలు పని ఇదే, తొందరపడకండి. "మీ ఇంట్లో మానసిక జబ్బు ఉందా?" అంటే ఎవరూ నోరు విప్పరు. "రాత్రి నిద్ర పడుతోందా? గుండె దడగా ఉంటోందా?" అని అడగండి. గాలి సోకిందని భూతవైద్యుల దగ్గరికి తిప్పడం, పిల్లకు సంబంధాలు రావని దాచడం లాంటివి అప్పుడే బయటికొస్తాయి. విన్నదేదీ ఎవరిదో గుర్తుపట్టేలా గీయకండి. చికిత్స తీసుకున్నవాళ్లు ఇష్టపడి వస్తే నమూనా చూపించండి, వాళ్లు వద్దన్నది తీసేయండి. ఆశా కార్యకర్తకూ చూపించండి.

చీకట్లో తల పట్టుకున్న మనిషి, గొలుసులు, తాడు, మాత్రలు వద్దు. అవి బాధలో ఉన్నవాళ్లను ఇంకా కుంగదీస్తాయి. అరుగు మీద పక్కన కూర్చుని వింటున్న పిన్ని, ఆసుపత్రికి తోడు వెళ్తున్న తమ్ముడు, మళ్లీ షాపు తెరిచిన మనిషి: ఇలాంటివి వేయండి. సవర గిరిజనులు గోడల మీద వేసుకునే ఇడితాల్ బొమ్మలు అందంగా ఉన్నాయని ఎత్తి వేయకండి. అవి వాళ్ల దేవతలకూ పితృదేవతలకూ వేసేవి.

రాత తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బళ్లో చదివేది ఒడియానే. 14416 పెద్ద అంకెల్లో, కంటి ఎత్తులో రాయండి. మనసు బాగోలేని వాళ్లకు ఫోన్‌లో సాయం చేయడానికి 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, రెండు భాషల్లోనూ మాట్లాడొచ్చు. రాసే ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి.

వానలు పోయాక పని మొదలుపెట్టండి. పాత సున్నం గీకి, కడిగి, చెమ్మ లేకుండా ఆరనివ్వండి. బయటి గోడల ప్రైమర్ ఒక పూత, ఆరాక సుద్దతో గళ్లు గీసి నమూనాను గడి గడిగా పెంచుకోండి. రంగులకు బయటి గోడల ఎమల్షన్ వాడండి, రెండు పూతలు. ముగ్గులు వేసే ఆడవాళ్లను పిలవండి, గీత వాళ్ల చేతిలో నిలుస్తుంది.

బొమ్మ చూసి ఎవరైనా మెల్లగా వచ్చి అడిగితే జిల్లా ఆసుపత్రిలో ఎవరిని కలవాలో చెప్పడానికి వీధిలో ఇద్దరు సిద్ధంగా ఉండాలి. మిగిలిన రంగు దాచండి. ఏడాది తిరిగేసరికి వెలిసిపోతే ముందు ఆ నంబరునే దిద్దండి.