ఫాదర్‌గారి మాటకు ఎక్కడ తలవంచాలి, ఎక్కడ కలం పట్టాలి

మా కతోలిక చర్చిలో పిల్లలకు విశ్వాసం నేర్పే సత్యోపదేశం క్లాసులో పిల్లల కంటే వాళ్ల అమ్మానాన్నలే నన్ను ఎక్కువ ఇరుకున పెడతారు. "టీచర్‌గారూ, ఫాదర్‌గారు ఇలా అన్నారు. వినకపోతే పాపమా?" అంటారు. అది ఏ రకం మాటో ముందు తేల్చుకోమంటాను.

విశ్వాస సత్యమైతే బేరం లేదు. క్రీస్తు పునరుత్థానం అలాంటిది. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ప్రకటించిన మరియమాత మోక్షారోపణం, అంటే ఆమె ఆత్మశరీరాలతో మోక్షానికి చేర్చబడిందన్న సత్యం కూడా అంతే. పోపుగారు, మేత్రాణులు (బిషప్పులు) విశ్వాసం గురించి, నీతి గురించి మామూలుగా చేసే బోధ ఆ తర్వాతి మెట్టు. దాన్ని మనసారా, భక్తితో స్వీకరించమని ప్రపంచంలోని మేత్రాణులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. అర్థం కాకపోతే అడగండి, చదవండి. కొట్టిపారేయడానికి తొందరపడకండి.

ఆదివారం పూజ, శుక్రవారం మాంసం మానడం వంటివి క్రమశిక్షణ నియమాలు. ఇవి కట్టుబాట్లే, కానీ న్యాయమైన కారణం ఉంటే విచారణ గురువే, అంటే మన చర్చి ఫాదర్‌గారే, మినహాయింపు ఇవ్వగలరు. చాలామంది అడగరు, ఊరికే మానేసి తర్వాత కుములుతారు. ఇక ఎవరికి ఓటేయాలి అన్నది ఫాదర్‌గారి సొంత అభిప్రాయం. మర్యాదగా వింటే చాలు.

అసలు చిక్కు నిర్ణయాల దగ్గరే. ఉదయం పూజ సమయం మార్చారనుకోండి, నైట్ డ్యూటీ చేసి వచ్చే నర్సులకు కుదరదు. సణగడం విధేయత కాదు, వాట్సాప్‌లో తిట్టడం ధైర్యమూ కాదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 212వ నియమం విధేయత చూపమంటూనే, మన అవసరాలు కాపరులకు చెప్పుకునే హక్కు ఇస్తుంది. శ్రీసభ మేలు కోసం అభిప్రాయం చెప్పడం ఒక్కోసారి బాధ్యత కూడా అంటుంది.

కాబట్టి ఒక్క పేజీ రాయండి. ఏం మారింది, ఎవరికి ఇబ్బంది, మీరేం కోరుతున్నారు. అంతే. "అందరూ అంటున్నారు" అని రాయకండి, ఇబ్బంది పడేవాళ్ల చేతే సంతకాలు పెట్టించండి. తేదీ వేసి, కాపీ ఉంచుకుని, ఫాదర్‌గారి చేతికే ఇవ్వండి. జవాబు వచ్చేదాకా కుదిరినవాళ్లు కొత్త సమయానికే వెళ్లండి.

మేత్రాణులు రాతపూర్వకంగా ఇచ్చిన ఆజ్ఞ వల్ల మీకు అన్యాయం జరిగిందనిపిస్తే ఆలస్యం చేయకండి. దాన్ని మార్చమని లేదా రద్దు చేయమని ఆయనకే రాతలో కోరాలి, గడువు 10 రోజులు. చర్చికి ఇచ్చిన కానుకల లెక్క అడగడమూ ధిక్కారం కాదు. ఆ లెక్క విశ్వాసులకు చెప్పాలని చట్టంలోనే ఉంది. చర్చి పెద్దలుండే విచారణ సలహా సంఘానిది మాత్రం సలహా వరకే, తీర్మానం చేశాం కదా అని ఫాదర్‌గారిని కట్టిపడేయలేరు.

పాపం చేయమని ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేదు. పిల్లలపై జరిగిన అఘాయిత్యం గురించి నోరు మూసుకోమంటే వినకండి, పోలీసులకు చెప్పండి. కన్యస్త్రీల మఠంలో కూడా, అంతరంగం విప్పి చెప్పమని మఠాధిపతి ఒత్తిడి చేయకూడదు.

మామూలు విషయంలో "కుదరదు" అని జవాబు వస్తే ఆ నిర్ణయం ప్రకారం నడవండి, మీ అభిప్రాయం మీదే. కాపీ పారేయకండి. కొత్త ఫాదర్‌గారు వచ్చాక తేదీ మార్చి మళ్లీ ఇవ్వొచ్చు.