మాట వినని పిల్లాణ్ణి కౌన్సెలర్ దగ్గరికి పంపే ముందు

“వీడు అస్సలు మాట వినట్లేదండి, కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి” అంటూ అందరూ చూస్తుండగా పిల్లాణ్ణి క్లాసులోంచి లేపి కౌన్సెలర్ గదికి తోలడంతోనే సగం పని చెడుతుంది. ఇంటర్వెల్ అయ్యేసరికి ఆ గదికి వెళ్లడమంటే తప్పు చేసినట్టేనని బడంతా తెలిసిపోతుంది. నిజంగా కష్టంలో ఉన్న పిల్ల ఇక ఆ గుమ్మం తొక్కదు. అందుకే కౌన్సెలర్ పని స్టాఫ్ రూములో, క్లాస్ టీచర్‌తో మొదలవ్వాలి. ఊళ్లలోని హైస్కూళ్లలో చాలాచోట్ల దీనికి విడిగా మనిషి ఉండరు, ఒక టీచరే పాఠాలతో పాటు ఇదీ చూసుకోవాలి. పద్ధతి మాత్రం ఒకటే.

కౌన్సెలర్ ముందుగా టీచర్ని అడగాల్సింది ఐదు లైన్ల కాగితం. తేదీ, పీరియడ్, గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, వెంటనే టీచర్ ఏం చేశారు. రెండు వారాల పాటు, జరిగినప్పుడల్లా రాయాలి. “పొగరు”, “మొద్దు”, “ఇంట్లో గారాబం” లాంటి మాటలు అందులో పనికిరావు. “మంగళవారం మూడో పీరియడ్, సోషల్. పైకి చదవమన్నాను. పుస్తకం మూసేసి పక్కవాణ్ణి గిల్లాడు. బయట నిలబెట్టాను” అని రాస్తే చాలు. ఇలాంటివి ఐదారు పక్కపక్కన పెట్టి చూడండి. చదవమన్న ప్రతిసారీ అల్లరి చేస్తున్నాడంటే, వాడికి చదవడం సరిగా రాకపోయి ఉండొచ్చు. బయట నిలబెడితే చదివే గండం తప్పుతోంది కాబట్టి రేపూ అదే చేస్తాడు.

నోటితో అడిగితే టకటకా జవాబు చెబుతూ, ఏడో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తడబడే పిల్లలకు అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఉందేమో చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. ముందు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్ని కలవండి.

మనసు దాకా వెళ్లే ముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి. చూపు చార్టును వెలుతురున్న గోడకు పెట్టి, 6 మీటర్ల దూరం నుంచి ఒక్కో కన్ను మూసి చదివించడం ఏ టీచరైనా చేయగలరు. వినికిడి, రక్తహీనత సంగతి ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంతో మాట్లాడాలి. పొద్దున్న ఏం తిన్నావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు అనే రెండు ప్రశ్నలూ తప్పకూడదు.

నిద్ర గురించి అడిగితే గోదావరి డెల్టాలో వచ్చే జవాబులు వేరు. రొయ్యల చెరువుల ఊళ్లలో రాత్రి పట్టుబడి ఉంటే ఎదిగిన కుర్రాళ్లూ గట్టు మీదే ఉంటారు. కోనసీమలో తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లు చాలా. అక్కడ ఇంటిపని ముగించుకుని ఆవిడ రాత్రి 11కి వీడియో కాల్ చేస్తే ఇక్కడ ఒంటి గంటన్నర. ఆ కాల్ కోసం మేలుకున్న పిల్ల మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేస్తుంది. అమ్మమ్మకు చెప్పి ఫోన్ లాగించడం అన్నిటికన్నా చెడ్డ సలహా. ఇక్కడ ఏడున్నరకు అక్కడ తెల్లవారుజామున ఐదు. పనిలోకి దిగే ముందు పది నిమిషాలు దొరుకుతాయేమో తల్లినే అడగాలి. కుదరకపోతే రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టమనండి, పిల్ల పొద్దున్న లేచి వింటుంది.

ఇక పిల్లలతో మొదటి మాట. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఆటల పీరియడ్‌లో పిలవొద్దు, ప్రతిసారీ ఒకే సబ్జెక్టు పోనివ్వొద్దు. “ఎందుకు చేశావు?” అంటే “ఏం లేదండి” అనే జవాబే వస్తుంది. “నిన్న బడి వదిలాక ఏమేం చేశావు?” అంటే కబుర్లు కదులుతాయి. వాటికన్నా ముందు హద్దు చెప్పాలి: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు నువ్వు హాని చేసుకునేలా ఉన్నా, నిన్ను ఎవరైనా బాధపెడుతున్నా, నీవల్ల ఇంకొకరికి ముప్పు ఉన్నా పెద్దలకు చెప్పక తప్పదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత పిల్లలకు అది మోసంలా కనిపిస్తుంది.

లైంగిక వేధింపు సంగతి బయటపడితే గుచ్చిగుచ్చి అడక్కూడదు. పిల్ల వాడిన మాటలే రాసుకుని, తేదీ, సమయం వేసి పోలీసులకు తెలపాలి. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఇది తప్పనిసరి. దాచిపెడితే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు ఉండొచ్చు. చెడిపోయేది ఇక్కడే: “ఊరి పెద్దలతో ఓసారి మాట్లాడదాం” అనేవారు ఎప్పుడూ ఉంటారు. పెద్దల్లో కూర్చోబెడితే పిల్ల చేత మాట మార్పించడమే జరుగుతుంది. వేసవి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి బడి మానేసి, పెళ్లి సంబంధం మాట వినిపించినా ఆగొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పోలీసులకూ చెప్పండి.

టీచర్‌కు పిల్ల కథ అక్కర్లేదు, తను చేయాల్సింది తెలిస్తే చాలు. “రెండు వారాలు వాణ్ణి హఠాత్తుగా లేపి చదివించకండి, రేపటి పేరా ఏదో ఈరోజే చెప్పి పంపండి.” ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు చెబితే ఏదీ జరగదు. కౌన్సెలర్ టీచర్ పిలిస్తేనే క్లాసు చూడ్డానికి వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, ముందు అనుకున్నదే చూడాలి. ఆ సంగతి హెచ్ఎం చెవిన పడదని జూన్‌లో బడి తెరిచినప్పుడే హెచ్ఎంతోనే అందరి ముందు చెప్పించాలి, లేకపోతే ఎవరూ పిలవరు. కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుందని టీచర్లకు తెలుసు. నలభై మంది ముందు ఒకడు ఎదురు తిరిగితే ఏం చేయాలన్నదే వాళ్ల ప్రశ్న. అక్కడికక్కడ వాదించకుండా బల్ల దగ్గరికెళ్లి, తగ్గు స్వరంతో “బెల్లయ్యాక మాట్లాడుకుందాం” అని పాఠంలోకి వెళ్లిపోవాలి. బెల్లయ్యాక తప్పక మాట్లాడాలి.

నది మధ్య లంకల్లో ఉండే పిల్లలు గోదావరికి నీరొచ్చి పడవ ఆగితే రారు, వాళ్ల హాజరును బద్ధకం కింద లెక్కేయకండి. వరద తీసి బడి తెరిచాక మొదటి వారం పరీక్షలు వద్దు. క్లాసులో లేపి “ఏం జరిగిందో చెప్పు” అనొద్దు. పుస్తకాలు, యూనిఫాం పోయినవాళ్ల జాబితా తొలిరోజే రాయాలి. ఉలికిపాటు, భయం నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి డాక్టర్‌కు చూపించాలి.

పదో తరగతి ఫలితాల రోజుకు జాబితా ముందే సిద్ధం కావాలి. తప్పే అవకాశం ఉన్నవాళ్లతో పాటు, ఫస్ట్ వస్తుందని ఇంటిల్లిపాదీ చాటుకున్నవాళ్లనూ అందులో చేర్చాలి. పేర్లు టీచర్లకు పంచి, సాయంత్రంలోగా ప్రతి ఇంటికీ ఫోన్ వెళ్లాలి, సప్లిమెంటరీ ఫీజు గడువు తేదీ చేతిలో ఉండాలి. చేలకో చెరువుకో తెచ్చిన మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తీయించేసి తాళం వేయమని తండ్రికి విడిగా చెప్పాలి. బతకాలని లేదన్నట్టు పిల్ల మాట్లాడితే “చనిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడగొచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, పక్కన ఒక పెద్ద మనిషిని ఉంచి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14416 రాత్రి వేళ కూడా పలుకుతుంది. మర్నాడూ, వారం తర్వాతా మళ్లీ ఫోన్ చేయాల్సింది మొదటిసారి మాట్లాడిన టీచరే.