పదిహేను సెకన్ల కథ – 4వ పాఠం: స్టార్‌కి ఒక ఉద్యోగం ఇవ్వండి

పోయిన పాఠంలో సౌండ్ ఆపేసి యాడ్‌లు చూడడం నేర్చుకున్నాం. ఈసారి స్టార్‌ని పెట్టుకుని మనమే ఒకటి రాద్దాం. జపాన్ టీవీలో యాడ్ నిడివి ఎక్కువగా 15 సెకన్లే. అందులో హీరో వచ్చి, నవ్వి, డబ్బా ఎత్తి చూపించి, "నేను వాడేది ఇదే" అనేసరికి టైమ్ అయిపోతుంది. ఇక కథెక్కడ?

ఒకప్పుడు స్టార్ మొహమే చాలింది. 1970లో హాలీవుడ్ నటుడు చార్లెస్ బ్రాన్సన్ గడ్డం నిమురుకుంటూ "ఊఁ... మాండమ్" అన్నాడు. మగవాళ్ల సౌందర్య సాధనాల యాడ్ అది. ఎంత ఆడిందంటే, ఆ సరుకు తయారు చేసే టాంచో కంపెనీ మరుసటి ఏడాది తన పేరే మాండమ్ అని మార్చుకుంది. తర్వాత చాలామంది వరస కట్టారు. విస్కీకి హాలీవుడ్ నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్, కప్ నూడుల్స్‌కి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్. అంత కండల వీరుణ్ణీ జపాన్ జనం చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు 'ష్వా-చాన్' అని పిలుచుకున్నారు. ఆ యాడ్‌లు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ వాటి నుంచి రాయడం నేర్చుకోవడం కష్టం. స్టార్‌ని తీసేస్తే వాటిలో ఏమీ మిగలదు.

మనకి పనికొచ్చేది 2006లో మొదలైన 'బాస్' క్యాన్ కాఫీ యాడ్‌ల సిరీస్. ఆ కాఫీ తయారుచేసేది సంటోరీ అనే జపాన్ పానీయాల కంపెనీ. అందులో హాలీవుడ్ నటుడు టామీ లీ జోన్స్ ఒక గ్రహాంతరవాసి. భూమి మీద మనుషుల తీరు కనిపెట్టి రమ్మని పంపితే, జోన్స్ రూపంలో వచ్చి జపాన్‌లో కూలి పనులు చేస్తుంటాడు. ఒకసారి టాక్సీ నడుపుతాడు, ఇంకోసారి కట్టడాల దగ్గర చెమటోడుస్తాడు. తిట్లు తింటాడు. మొహంలో మాత్రం ఒక్క కండరం కదలదు. "ఈ గ్రహవాసులు..." అంటూ మనసులో రిపోర్టు నడుస్తుంటుంది. చివర్లో కాఫీ తాగుతాడు. 'ఈ పనికిమాలిన, అద్భుతమైన ప్రపంచం' అన్నది ఆ సిరీస్ నినాదం.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. జోన్స్ కాఫీని పొగుడుతూ కూర్చోడు. అలసిపోయాడు కాబట్టి తాగుతాడు, అంతే. రెండోది ఇంకా ముఖ్యం: వింత ఒక్కటే, అతను గ్రహాంతరవాసి కావడం. మేస్త్రి, హెల్మెట్, ఓవర్‌టైమ్ అన్నీ అచ్చం మామూలే. వింతలు రెండైతే చూసేవాడికి ఏది నమ్మాలో తెలియదు, 15 సెకన్లలో సర్దిచెప్పే వీలూ ఉండదు.

జపాన్ మొబైల్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ యాడ్‌లలోని కుటుంబమూ ఇలాంటిదే. 2007లో వచ్చిన ఆ ఇంట్లో నాన్న ఒక తెల్ల కుక్క. పెద్ద నటుడు కితాఓజీ కిన్యా గొంతుతో గంభీరంగా మందలిస్తుంటాడు. ఇంట్లోవాళ్లెవరికీ అది వింతగా అనిపించదు. (నా ఓటు మాత్రం జోన్స్‌కే.)

ఇప్పుడు మన స్క్రిప్టు. వస్తువు: మడత గొడుగు. స్టార్: ఫైటింగ్ సినిమాల హీరో. ఉద్యోగం: టోక్యో రైల్వే స్టేషన్‌లో పోగొట్టుకున్న సామాన్ల కౌంటర్.

0–4 సెకన్లు: యూనిఫామ్‌లో హీరో. వెనక వందల గొడుగులు, అన్నీ ఆ ఊళ్లో అందరి చేతుల్లో కనిపించే ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ గొడుగులే.
4–8: స్కూలు పాప వచ్చి, "నాది ట్రాన్స్‌పరెంట్ గొడుగండీ" అంటుంది.
8–12: హీరో వెనక్కి తిరుగుతాడు. పిడికిలి బిగిస్తాడు. మొదటి గొడుగు తెరుస్తాడు.
12–15: డ్యూటీ దిగి వెళ్తూ తన బ్యాగులోంచి మడత గొడుగు తీస్తాడు. గొంతు: "బ్యాగులోనే ఉంటుంది."

హీరో నోట ఒక్క మాట లేదు. చివరి గొంతు కూడా అతనిది కాదు. అతనితో "చాలా బలమైన గొడుగు" అనిపించాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. 8వ సెకను దగ్గర పిడికిలి తీసేసి చూస్తే, అక్కడ ఎవరున్నా ఒకటే అవుతుంది. స్టార్‌కి ఇచ్చే డబ్బంతా ఆ పిడికిలి కోసమే.

అభ్యాసం: మీకు నచ్చిన నటుణ్ణో నటినో తీసుకుని, తెరమీద వాళ్లకున్న ఇమేజ్‌కి కుదరని ఉద్యోగం ఒకటి ఇవ్వండి. వస్తువు ఆఖరి మూడు సెకన్లలోనే రావాలి. స్క్రిప్టు మొత్తం మీద డైలాగులు పది మాటలు దాటకూడదు. రాశాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, అభినయంతో సహా గట్టిగా చదవండి. 15 సెకన్లు దాటితే ముందు పాత్రల్ని తగ్గించండి, మాటల సంగతి తర్వాత. ఈ స్క్రిప్టు దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో వెరైటీ షోలవాళ్ల పద్ధతిలో దీనికే తెర మీది అక్షరాలు అద్దుదాం.