నెయ్యితో వంట: తేడా ఎక్కడ కొడుతోంది?

నెల్లూరు, ప్రకాశం వైపు ఇళ్లల్లో నెయ్యి ఎక్కువగా కంచంలోకే వస్తుంది. పప్పన్నంలోకి, కందిపొడిలోకి, గోంగూర పచ్చడి కలిపిన వేడన్నంలోకి. ఈమధ్య నూనె తగ్గించాలని దాన్నే పొయ్యి మీదికి తెస్తున్నారు. నూనె పోసిన అలవాటుతోనే నెయ్యీ పోస్తే వచ్చే ఇబ్బందులు ఇవి.

కారం దోశ మెత్తబడుతోంది, కారమేమో మాడుతోంది

పిండి వేయకముందే పెనం మీద నెయ్యి పోసి ఉంటారు. జిడ్డు మీద పిండి నిలవదు, జారిపోయి గరిటెతో పాటే ఉండలుగా లేచొస్తుంది. ఒకచోట మందం, ఒకచోట చిల్లు. పెనం కాలాక నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, పొడి పెనం మీదే పిండి తిప్పండి. పైన తడి ఆరేదాకా ఆగండి, ఇక్కడే అందరికీ తొందర. తడి ఆరాక మంట సిమ్‌లో పెట్టి అంచుల చుట్టూ ఒక చెంచా నెయ్యి వదలండి. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరిన ఎర్రకారాన్ని పల్చగా పూసి, దాని మీద ఇంకో అర చెంచా. నెయ్యి కారంలోకి దిగి ఎర్రగా అంచుల దాకా పాకుతుంది, అంచు దానంతటదే పెనాన్ని వదిలి పైకి లేస్తుంది. అప్పుడు మడవండి. తిరగేశారా, కారం మాడి ఇల్లంతా దగ్గే. హోటల్ పెనం మందంగా ఉంటుంది కాబట్టి పెద్ద మంటకు ఓర్చుకుంటుంది. ఇంట్లో పల్చటి పెనం మీద ఆ మంట పనికిరాదు.

తిరగమోత నల్లబడి చేదొస్తోంది

తప్పు నెయ్యిది కాదు, అందులో మిగిలిన మడ్డిది. బాగా కాచి వడకట్టిన నెయ్యి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా పొగ రాదు. వెన్న 175 దగ్గరే మాడుతుంది, ఎందుకంటే అందులో పాల పదార్థం ఉంటుంది. వడకట్టని ఇంటి నెయ్యిలోనూ అదే కొంత మిగిలిపోతుంది. పల్చటి గుడ్డలో వడకట్టుకోండి. ఇంకో కారణం, పెద్ద బాణలిలో ఒక్క చెంచా నెయ్యి వేయడం. అది క్షణాల్లో కాలిపోతుంది. చిన్న తిరగమోత గరిటె చాలు. ఆవాలు చిటపటమనగానే మంట తగ్గించి జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేయండి. కరివేపాకు పొయ్యి ఆపేశాకే. అప్పటికే నల్లబడితే పారబోయండి, చెంచా నెయ్యికి చూసుకుంటే గిన్నెడు పప్పు పోతుంది.

వేడి చేస్తే నురగ, పుల్లటి వాసన

వెన్నలో మజ్జిగ ఉండిపోయింది. నీళ్లు తేటగా వచ్చేదాకా వెన్నను చన్నీళ్లతో కడిగి కాచాలి. కాస్తున్నప్పుడు చిటపట ఆగిందంటే నీరు పోయినట్టు. అడుగున మడ్డి గోధుమరంగుకి తిరగ్గానే దించేయండి. ఇప్పటికే డబ్బాలో పోసిన నెయ్యి అయితే మళ్లీ సన్నమంట మీద శబ్దం ఆగేదాకా కాస్తే సరిపోతుంది. తమలపాకు వాసన కోసం మాత్రమే, పచ్చి కాపును అది సరిచేయదు.

పూస కట్టలేదు, కల్తీనా?

అలా అనుకోనక్కర్లేదు. మన మే నెల ఎండలకి ఏ నెయ్యీ పేరుకోదు. ఫ్రిజ్‌లో గబగబా చల్లార్చినా పూస రాదు. గేదె నెయ్యి తెల్లగా, ఆవు నెయ్యి పసుపుగా ఉండటమూ మామూలే. ఇంట్లో అయోడిన్ చుక్క వేసి చూస్తే, పిండి పదార్థం కలిపి ఉంటే నీలం తిరుగుతుంది. వనస్పతి కలిపితే మాత్రం దానికి దొరకదు, అది ల్యాబ్‌లో తేలాల్సిందే.

చేపల పులుసు మీద తెట్టు కడుతోంది

దీనికి మందు లేదు, అందులో నెయ్యి వేయకండి. మన పులుసు మర్నాడు తింటేనే రుచి. రాత్రికి చల్లారిన నెయ్యి పైన పేరుకుని, మామిడికాయ పులుపును నాలుకకు అందనివ్వదు. శనక్కాయ నూనో నువ్వుల నూనో పోయండి. మధ్యాహ్నానికి చల్లారిపోయే క్యారేజీ వేపుళ్లకూ అంతే.

ముక్కిన వాసన వస్తోంది

తడి చెంచా పెట్టారు, లేదా మూత తీసి పొయ్యి పక్కనే ఉంచారు. మళ్లీ కాచినా ఆ వాసన పోదు, తినకండి. కొందరు దీపానికి వాడేస్తారు, నాకైతే దేవుడికి అది పెట్టడానికి మనసొప్పదు. రోజువారీకి చిన్న సీసా తీసుకుని, మిగతాది తడిలేని స్టీల్ డబ్బాలో గట్టి మూత పెట్టి ఉంచండి.

నెయ్యికి మారినా బరువు తగ్గలేదు

నూనె బదులు వేయాల్సింది, నూనెతో పాటు వేస్తున్నారు. 5 గ్రాముల చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలు, అందులోని కొవ్వులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. పప్పు తిరగమోతలో పడితే అన్నంలో మళ్లీ వడ్డించొద్దు. కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు రోజుకు ఎన్ని చెంచాలన్నది డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి.