‘ఐ డిడ్ నాట్ వెంట్’ ఎందుకొస్తుంది? ఇంగ్లిష్ గ్రామర్: సమస్య - పరిష్కారం

అమలాపురం, భీమవరం, పాలకొల్లు... ఎక్కడ చూసినా స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులకు కొదవ లేదు. గల్ఫ్ వెళ్ళాలనుకునే కోనసీమ కుర్రాళ్ళకీ, రొయ్యల ఎగుమతి కంపెనీల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకీ, డిగ్రీ పిల్లలకీ ఒకటే టెన్షన్. ఖాళీలు పూరించమంటే మార్కులన్నీ వస్తాయి, నోరు తెరిస్తే మాత్రం తప్పులే. వీటిలో చాలావరకు తెలివి తక్కువై వచ్చేవి కావు. తెలుగులో ఏ వంకా పెట్టలేని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో దించబోతే వచ్చేవి. కాబట్టి మందు కూడా తెలుగు వాక్యంలోనే వెతకాలి.

“ఐ యామ్ గోయింగ్ టు కాలేజ్ డైలీ”

ప్రతి క్రియకీ ‘ఇంగ్’ తగిలించే అలవాటు ఇది. బస్సు రావులపాలెం దాటగానే ఫోన్లో “అమలాపురం వెళ్తున్నా” అంటాం. “రోజూ అమలాపురం వెళ్తున్నా, ఉద్యోగం అక్కడే” అని కూడా అంటాం. మనకి రెంటికీ ‘వెళ్తున్నా’ చాలు, ఇంగ్లిష్‌కి చాలదు. వాక్యంలో ‘ఇప్పుడు’ ఒకసారి, ‘రోజూ’ ఒకసారి పెట్టి చూడండి. ‘ఇప్పుడు’ అతికితే “ఐ యామ్ గోయింగ్”, ‘రోజూ’ అతికితే “ఐ గో”. కొన్నాళ్ళే సాగే పనికి మాత్రం, అది రోజూ చేసేదైనా, ‘ఇంగ్’ వాడొచ్చు: “ఐ యామ్ గోయింగ్ టు కోచింగ్ దిస్ మంత్.”

నో (తెలుసు అనే అర్థంలో ‘know’), వాంట్, నీడ్, బిలీవ్ లాంటివి పనులు కావు, మనసు స్థితులు. ‘నమ్ముతున్నాను’ అని మనం అన్నా అక్కడ “ఐ బిలీవ్” అనే అనాలి. ‘హావ్’ దగ్గర కాస్త చూసుకోండి. “ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్” తప్పు, “ఐ యామ్ హావింగ్ లంచ్” ఒప్పు. అన్నదమ్ములు ఉండటం స్థితి, భోంచెయ్యడం పని.

“ఐ డిడ్ నాట్ వెంట్”

దీన్ని ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ వస్తుందని మాస్టార్లు విసుక్కుంటారు. నిజానికి దీని మందు మన నాలుక మీదే ఉంది. ‘వెళ్ళలేదు’ అంటాం గానీ ‘వెళ్ళాను లేదు’ అనం కదా. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ మోస్తోంది, ‘వెళ్ళ’ ఊరికే నిలబడి ఉంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. ‘డిడ్’ మోస్తుంది కాబట్టి ‘గో’ మారదు: “ఐ డిడ్ నాట్ గో.” ప్రశ్నకీ ఇదే లెక్క: “డిడ్ యూ గో?” ‘డజ్’ వచ్చినప్పుడు క్రియకి ‘ఎస్’ పోయేదీ ఇందుకే.

“ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే”

‘కరెంటు పోయింది’ అన్నామంటే ఇంకా రాలేదని అర్థం. ‘రాత్రి పదింటికి కరెంటు పోయింది’ అంటే ఎప్పుడు పోయిందో చెబుతున్నాం. తెలుగులో క్రియ మారలేదు. ఇంగ్లిష్‌లో మొదటిది “ది పవర్ హాజ్ గాన్ ఆఫ్”, రెండోది “ది పవర్ వెంట్ ఆఫ్ ఎట్ టెన్”. గడిచిపోయిన రోజో, గంటో, ఏడాదో చెప్పారంటే ‘హావ్’ తీసెయ్యండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాబట్టి “వజ్ కంప్లీటెడ్ ఇన్ 1852”. కోనసీమ 2022లో జిల్లా అయింది, “బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2022”. ‘అప్పటినుంచి ఇప్పటిదాకా’ అన్నప్పుడు మాత్రం ‘హావ్’ రావాలి: “ఇట్ హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022.”

“షి ఈజ్ బ్యూటిఫుల్లీ”, “హి డ్రైవ్స్ కేర్‌ఫుల్”

ఒకదానికొకటి తలకిందులుగా ఉన్న ఈ తప్పులకు మూలం ఒక్కటే, మన ‘గా’. ‘గా వస్తే ఎల్‌వై చేర్చు’ అని బడిలో చెప్పి వదిలేస్తారు. అది సగం నిజం. మిగతా సగం చెప్పకపోవడమే అసలు తంటా.

‘గా’ తర్వాత ఏ క్రియ వచ్చిందో చూడండి. “నరసాపురం రేవులో పంటు మెల్లగా కదిలింది.” కదలడం పని, కాబట్టి “మూవ్డ్ స్లోలీ”. “గోదావరి నీళ్ళు చల్లగా ఉన్నాయి.” ఇక్కడ పనేమీ లేదు, నీళ్ళు ఎలా ఉన్నాయో చెబుతున్నాం, కాబట్టి “ది వాటర్ ఈజ్ కోల్డ్”. ‘ఉండు’, ‘మారు’, ‘అవు’ వస్తే ఎల్‌వై వద్దు. ఆకాశం నల్లగా మారితే “ది స్కై టర్న్డ్ బ్లాక్”.

లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్ అనే ఐదూ రెండు వైపులా ఉంటాయి. పులస పులుసు వాసన కమ్మగా వస్తోందంటే “ది కర్రీ స్మెల్స్ గుడ్”. అనుమానం వస్తే ఆ క్రియ తీసి ‘ఈజ్’ పెట్టండి. “ది కర్రీ ఈజ్ గుడ్”, అర్థం చెడలేదు, ఎల్‌వై అక్కర్లేదు. అతను దిగులుగా ఉన్నట్టు కనిపిస్తే “హి లుక్స్ శాడ్”. మునిగిన చేనువైపు దిగులుగా చూస్తే “హి లుక్డ్ శాడ్లీ ఎట్ ది ఫీల్డ్”. అక్కడ చూడటం నిజంగా పనే.

లొంగనివి కొన్నున్నాయి. ఫాస్ట్, హార్డ్, లేట్ ఎల్‌వై లేకుండానే క్రియ పక్కన చేరతాయి. ఇంటర్వ్యూలో “ఐ వర్క్ హార్డ్లీ” అన్నారా, ‘నేను దాదాపు పనిచెయ్యను’ అని మీ నోటితో మీరే చెప్పినట్టు. ‘లేట్లీ’ అంటే ఆలస్యంగా అని కాదు, ఈమధ్య అని. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ చివర ఎల్‌వై ఉన్నా అవి విశేషణాలే. ‘గుడ్’ క్రియ పక్కకి వెళ్తే ‘వెల్’ అవుతుంది: “షి స్పీక్స్ వెల్.”

“అమలాపురం ఈజ్ బిగ్ దాన్ రాజోలు”

‘రాజోలు కంటే పెద్దది’ అన్నప్పుడు బరువంతా ‘కంటే’ మీదే ఉంటుంది, ‘పెద్ద’ మారదు. ఇంగ్లిష్‌లో ‘బిగ్గర్’ అవ్వాలి. అది గుర్తుపెట్టుకున్నవాళ్ళు ధైర్యం చాలక ‘మోర్ బిగ్గర్’ అంటారు. చిన్న మాటకి ‘అర్’, పెద్ద మాటకి ‘మోర్’, రెండూ కలపొద్దు. “స్మాల్ స్మాల్ కెనాల్స్” కూడా ఇక్కడిదే. జంట మాటలు తెలుగుకి అందం, అక్కడ “మెనీ స్మాల్ కెనాల్స్” అంటే చాలు.

అన్నీ తెలుసు, మాట్లాడితే రావు

ఖాళీలు పూరించే పుస్తకాలు మరిన్ని కొనడం దండగని నా అభిప్రాయం. అక్కడ క్రియ ముందే ఇచ్చేస్తారు, మాట్లాడేటప్పుడు ఎవరిస్తారు? నిన్న మీ ఇంట్లో, చెరువు గట్టు మీద, బస్సులో జరిగినవి ఐదు వాక్యాలు తెలుగులో రాయండి. ‘తున్నా’, ‘లేదు’, ‘గా’ ఎక్కడొచ్చాయో గీత గీసి, అప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్లో రికార్డ్ చెయ్యండి. మర్నాడు వినేటప్పుడు ఒకే రకం తప్పు కోసం వినండి. ఈ వారం ‘గా’ అనుకుంటే ‘గా’ ఒక్కటే, మిగతావి వినిపించినా వదిలెయ్యండి. అన్నిటినీ ఒకేసారి దిద్దబోతే మూడో వాక్యానికే నోరు కట్టుబడిపోతుంది.