సీజేడీ అనుమానం ఉన్న రోగికి వాడిన పనిముట్లను శుద్ధి చేసే పద్ధతి

న్యూరోసర్జరీ థియేటర్ పనిముట్లను శుద్ధి చేసే మా విభాగంలో ఎవరు కొత్తగా చేరినా నేను మొదట నేర్పేది ఇదే. ట్రే మీద ‘సీజేడీ అనుమానం’ అని రాసి వస్తే, రోజూ చేసే పద్ధతి అక్కడ చాలదు. సీజేడీ అంటే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకొబ్ వ్యాధి, మెదడును దెబ్బతీసే ప్రాణాంతకమైన జబ్బు. ఇది ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికే వస్తుంది. వచ్చాక నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అందుకే ఇంత పట్టుబడతాను.

ఎందుకు చాలదో ముందు అర్థం చేసుకోండి; కారణం తెలియని చేయి తొందరలో ఏదో ఒక మెట్టు దాటేస్తుంది. బ్యాక్టీరియా, వైరస్‌ల జన్యుపదార్థాన్ని పాడుచేస్తే అవి ఇక పెరగవు. సీజేడీని కలిగించే ప్రియాన్‌లో జన్యుపదార్థమే లేదు. అది మన నాడీకణాల మీద సహజంగా ఉండే ప్రోటీనే, కాకపోతే తప్పుగా ముడుచుకున్నది. సరైన రూపంలో ఎక్కువగా మెలికలు తిరిగి ఉండే ఆ గొలుసు, తప్పు రూపంలో బల్లపరుపు పొరలుగా మారుతుంది. ఈ చెడ్డ ప్రోటీన్ పక్కనున్న మంచిదాన్ని తాకి తన రూపంలోకి తిప్పుకుంటుంది. పాకంలో వేలాడదీసిన దారానికి పటికబెల్లం పలుకులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నట్టు పోగులు పెరుగుతాయి. పోగు విరిగితే ప్రతి ముక్కా కొత్త మొదలు అవుతుంది. నాడీకణాలు చచ్చి మెదడు స్పంజిలా తూట్లు పడుతుంది. సొంత ప్రోటీనే కాబట్టి శరీరం దాన్ని శత్రువుగా గుర్తించదు. యాంటీబాడీలు తయారు కావు. 1993లో చార్లెస్ వైస్‌మన్ బృందం ఆ ప్రోటీన్ జన్యువు లేని ఎలుకలకు వ్యాధి పదార్థం ఎక్కించినా వాటికి జబ్బు రాలేదు. మార్చడానికి మంచి ప్రోటీన్ లేకపోతే వ్యాధి ముందుకు సాగదన్నమాట.

ఇక పని. థియేటర్ నుంచి వచ్చిన పనిముట్లను ఒక్క నిమిషం కూడా ఎండనివ్వకండి, తడిగానే ఉంచండి. ఎండిన మెదడు కణజాలం ఉక్కుకు గట్టిగా పట్టుకుంటుంది. స్పిరిట్, ఫార్మాలిన్ దగ్గరికి రానివ్వకండి. అవి ప్రోటీన్‌ను బిగించి మరింత మొండిగా చేస్తాయి. 1977లో జ్యూరిక్ వైద్యులు ప్రచురించిన నివేదిక గుర్తుంచుకోండి: సీజేడీ రోగి మెదడులో పెట్టిన వెండి ఎలక్ట్రోడ్లను ఆల్కహాల్‌తో, ఫార్మాల్డిహైడ్ ఆవిరితో శుద్ధి చేసి మరో ఇద్దరు యువ రోగులకు వాడారు. ఇద్దరికీ అదే వ్యాధి వచ్చింది. తర్వాత ఆ ఎలక్ట్రోడ్లనే చింపాంజీ మెదడులో పెడితే దానికీ వచ్చింది. ఈ సంఘటన చదివిన రోజు నుంచి నేను ‘బాగానే కడిగాం’ అన్న మాటను నమ్మడం మానేశాను.

ఒక్కసారి వాడి పారేసేవన్నీ నేరుగా దహనానికి. ఖరీదు ఎక్కువని ఎవరైనా అడ్డుపడితే వినకండి. మిగిలినవాటికి కాస్టిక్ సోడా ద్రావణం కలపండి: లీటరుకు 40 గ్రాములు. ముందు నీళ్లు, అందులో కొద్దికొద్దిగా సోడా. తిరగేసి నీళ్లు సోడా మీద పోస్తే వేడెక్కి చిమ్ముతుంది. గ్లోవ్స్, గౌను, కళ్లజోడు తప్పనిసరి. అల్యూమినియం వస్తువు ఇందులో వేయకూడదు. గంటసేపు పూర్తిగా ముంచి ఉంచి, తీసి నీళ్లలోకి మార్చి, 121 డిగ్రీల దగ్గర మరో గంట ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరి యంత్రం)లో పెట్టండి. ఆ తర్వాతే మామూలు శుభ్రత, మామూలు స్టెరిలైజేషన్. సోడా బదులు 20,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20,000) క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం కూడా పనిచేస్తుంది. కానీ అది ఉక్కును తినేస్తుంది, నేనైతే సోడానే ఎంచుకుంటాను.

వార్డు సిబ్బందికి ఒక మాట. రోగిని తాకితే, పక్కన కూర్చుని అన్నం తినిపిస్తే ఇది అంటదు. నడక తూలుతూ, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడుతూ, వారాల్లోనే ఇంట్లోవాళ్ల పేర్లు మరిచిపోతున్న మనిషిని భయంతో దూరం పెట్టకండి.

రోగనిర్ధారణ వచ్చేదాకా ఆ సెట్‌ను మూత బిగించిన డబ్బాలో పెట్టి తాళం వేయండి. రోగి నంబరు, శస్త్రచికిత్స తేదీ డబ్బా మీదా రిజిస్టర్‌లోనూ రాయండి. వేరే జబ్బని తేలితే సెట్ తిరిగి వాడకంలోకి వస్తుంది. సీజేడీ అని ఖాయమైతే, మెదడు, వెన్నుపాము, కంటి వెనుక భాగం తాకిన పనిముట్లను కాల్చేయమనే నేను సంతకం పెడతాను.